ఉత్తర ప్రాంత సహకారం మీద వేసవి కోర్సుకు సీటొచ్చింది, అప్పు చేసి వెళ్ళొచ్చా?

కింద చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. అడిగినావిడ విశాఖలో అంతర్జాతీయ సంబంధాల్లో పీజీ చేస్తున్నారు. ఫిన్లాండ్‌లోని రోవనియెమిలో మొదలై, ఇనారి మీదుగా నార్వేలోని కిర్కెనెస్‌లో ముగిసే రెండు వారాల సమ్మర్ స్కూల్‌కి సెలెక్ట్ అయ్యారు. సబ్జెక్టు ఉత్తర దేశాల ప్రాంతీయ సహకారం. ఫీజు లేదు, వసతి వాళ్ళే ఇస్తారు, విమానం ఖర్చు మాత్రం మనదే. నాన్నగారు లోన్ తీసుకుంటానంటున్నారట. రష్యా ఆ సహకారం నుంచి బయటికి వెళ్ళిపోయాక ఇక అక్కడ ఏం మిగిలింది, సీవీకి పనికొస్తుందా, పది నిమిషాల ప్రెజెంటేషన్ దేని మీద ఇవ్వాలి, ఇవీ సందేహాలు.

సూటిగా చెప్పాలంటే: వెళ్ళండి, కానీ అప్పు చేసి మాత్రం వద్దు. రెండు వారాల సర్టిఫికెట్ ఆ అప్పు తీర్చే ఉద్యోగం తెచ్చిపెట్టదు. టికెట్ డబ్బు వేరే దారిలో సర్దుబాటయితే మాత్రం ఒక్క రోజు కూడా ఆలోచించకండి. "రష్యా లేదు కాబట్టి చూడ్డానికేముంది" అన్న మాటతో నేను ఏకీభవించను. అసలు చూడాల్సింది ఇప్పుడే.

నేనెవరినో కూడా చెప్పాలి. 2013లో ఇలాంటి కోర్సుకే విద్యార్థిగా వెళ్ళాను. తర్వాత అక్కడే మాస్టర్స్ చేసి, కొన్నేళ్ళపాటు ఒక నార్డిక్ యూనివర్సిటీలో ఈ వేసవి కోర్సుల నిర్వహణ పని చూశాను. అప్లికేషన్లు చదవడం, బస్సులు మాట్లాడడం, వీసా రాక ఏడ్చేవాళ్ళకి ఫోన్లో ధైర్యం చెప్పడం, అన్నీ నా నెత్తినే ఉండేవి. కాబట్టి బల్లకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి.

ముందు ఈ "సహకారం" ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. కోల్డ్ వార్ కాలంలో ఆ మూల ప్రపంచంలోనే అతి బిగువైన సరిహద్దుల్లో ఒకటి. ఇటు నార్వే, నాటో సభ్య దేశం. అటు కోలా ద్వీపకల్పం, సోవియట్ అణు జలాంతర్గాముల స్థావరం. 1987 అక్టోబర్ 1న సోవియట్ నాయకుడు గోర్బచేవ్ ఆ కోలా ద్వీపకల్పంలోని మూర్మాన్స్క్ నగరంలో మాట్లాడుతూ ఉత్తరాన్ని శాంతి మండలం చేద్దామన్నాడు. సోవియట్ యూనియన్ కూలిపోయాక, 1993 జనవరి 11న, నార్వే విదేశాంగ మంత్రి థోర్వాల్డ్ స్టోల్టెన్‌బర్గ్ చొరవతో కిర్కెనెస్‌లో ఒక ప్రకటన మీద సంతకాలయ్యాయి. బారెంట్స్ సహకారం అన్నది అలా పుట్టింది (బారెంట్స్ అంటే అక్కడి సముద్రం పేరు).

దాంట్లో నాకు నచ్చిన విషయం, రెండు అంతస్తుల కట్టడం. పైన దేశాల ప్రభుత్వాలు కూర్చునే మండలి. కింద జిల్లాల్లాంటి ప్రాంతాలు నేరుగా ఒకరితో ఒకరు మాట్లాడుకునే మండలి. అంటే ఓస్లో, మాస్కోల అనుమతి కోసం ప్రతి చిన్న పనికీ కాచుక్కూర్చోకుండా, ఉత్తర నార్వే వాళ్ళు, మూర్మాన్స్క్ వాళ్ళు, ఫిన్లాండ్ లాప్‌లాండ్ వాళ్ళు కూర్చుని క్షయ వ్యాధి గురించో, రోడ్ల గురించో, కుర్రాళ్ళ రాకపోకల గురించో తేల్చుకునేవారు. 1996లో ఒట్టావాలో పుట్టిన ఆర్కిటిక్ కౌన్సిల్ వేరు, ఇది వేరు. ఈ రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ళని నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను, మీరు ఆ పొరపాటు చేయకండి. ఆర్కిటిక్ కౌన్సిల్లో ఎనిమిది దేశాలు, వాటితోపాటు ఆరు ఆదివాసీ సంస్థలు శాశ్వత భాగస్వాములుగా కూర్చుంటాయి. సైనిక భద్రత విషయాలు అక్కడ ఎత్తకూడదని పుట్టినప్పుడే రాసుకున్నారు.

2013లో నేను వెళ్ళినప్పుడు మాకు రష్యా వీసా కూడా తీసి, కిర్కెనెస్ నుంచి బస్సులో మూర్మాన్స్క్ తీసుకెళ్ళారు. కిర్కెనెస్‌లో వీధుల పేర్ల పలకలు రెండు లిపుల్లో ఉంటాయి, పైన నార్వేజియన్, కింద రష్యన్. మన రైల్వే స్టేషన్ బోర్డుల్లాగా అనిపించి నవ్వొచ్చింది. 2012 నుంచి సరిహద్దుకి ముప్ఫై కిలోమీటర్లలోపు ఉండేవాళ్ళకి వీసా లేకుండా అటూ ఇటూ తిరిగే కార్డు ఇచ్చారు. నార్వే వాళ్ళు ఆ కార్డు పట్టుకుని పెట్రోల్ కోసం అవతలికి వెళ్ళొచ్చేవాళ్ళు. సరిహద్దు దాటాక కాసేపటికి నికెల్ ఊరి పరిసరాలు వస్తాయి. అప్పటిదాకా దారి పొడవునా కనబడిన బిర్చ్ చెట్లు ఒక్కసారిగా మాయం. కొండలన్నీ నల్లగా, బోసిగా. అక్కడి లోహం కరిగించే ఫ్యాక్టరీ నుంచి వచ్చే గంధకం పొగ చేసిన పని అది. ఆ పొగ నార్వే వైపుకీ వచ్చేది, ఏళ్ళ తరబడి రెండు దేశాల మధ్య గొడవ. చివరికి 2020 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. క్లాసులో పర్యావరణ సహకారం అని మూడు రోజులు చెప్పినది బస్సు కిటికీలోంచి పది నిమిషాల్లో అర్థమైంది.

ఇప్పుడు ఆ బస్సు లేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగాక చాలా నార్డిక్ యూనివర్సిటీలు రష్యన్ సంస్థలతో ఒప్పందాలు ఆపేశాయి. 2023 సెప్టెంబర్‌లో రష్యా బారెంట్స్ మండలి నుంచి తప్పుకుంది. ఫిన్లాండ్ కూడా 2025 చివరికల్లా బయటికొస్తానని ప్రకటించింది. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్‌లో, స్వీడన్ 2024 మార్చిలో నాటోలో చేరిపోయాయి. అంటే ఆర్కిటిక్ కౌన్సిల్లోని ఎనిమిది దేశాల్లో ఏడు ఇప్పుడు ఒకే సైనిక కూటమి. నాతో చదివిన అమ్మాయి, రష్యాలోని అర్ఖాంగెల్స్క్ ఆమెది, కొన్నాళ్ళు మెయిల్స్ రాసేది. ఆ తర్వాత మేమిద్దరం పండగలకి శుభాకాంక్షలు చెప్పుకోవడం తప్ప ఇంకేం మాట్లాడుకోవడం లేదు. ఏం రాసినా ఆమెకి ఇబ్బందేమోనని నా భయం.

మరి ఏం మిగిలింది? చేప మిగిలింది. ఇది జోక్ కాదు. బారెంట్స్ సముద్రంలో కాడ్ అనే చేప నార్వే తీరంలో, ముఖ్యంగా లోఫోటెన్ దగ్గర, గుడ్లు పెడుతుంది. పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి తూర్పున రష్యా జలాల దాకా వెళ్ళి పెరుగుతాయి. పెద్దయ్యాక మళ్ళీ పడమరకి వస్తాయి. రష్యా చిన్నవాటిని పట్టేస్తే ఇద్దరికీ నష్టం. నార్వే గుడ్ల మీదున్నవాటిని ఊడ్చేసినా ఇద్దరికీ నష్టం. అందుకే 1970లలోనే ఉమ్మడి కమిషన్ పెట్టుకుని, ఏటా ఎంత పట్టాలో కలిసి తేల్చుకుని పంచుకుంటున్నారు. కోల్డ్ వార్‌లో ఆగలేదు, 2022 తర్వాత కూడా ఆగలేదు. అలాగని అంతా సజావుగా ఉందనుకోకండి. 2013లో కాడ్ కోటా పది లక్షల టన్నులు. 2025కి అది 3,40,000 టన్నులకి పడిపోయింది. చేప తగ్గిపోతుంటే, అదీ యుద్ధం నడుస్తుంటే, ఇద్దరు ఒక బల్ల దగ్గర ఎలా కూర్చుంటారు? మీ కోర్సులో ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

మా కోర్సు చివర్లో ఈ కోటా మీదే ఉత్తుత్తి చర్చలు పెట్టారు. నన్ను రష్యా పక్షాన, ఆ అర్ఖాంగెల్స్క్ అమ్మాయిని నార్వే పక్షాన వేశారు. నేను పెద్ద తెలివైనవాణ్ణనుకుని "మా వాటా పెంచకపోతే మా నీళ్ళలో చిన్నవాటినే పట్టేస్తాం" అని బెదిరించాను. ఆమె టీ తాగుతూ, "పట్టుకోండి, నాలుగేళ్ళ తర్వాత ఏం పడతారు మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. అంతర్జాతీయ సంబంధాల పుస్తకాలు నేను చదివిన తీరు ఆ రోజుతో మారింది.

రెండో సంగతి సామి జనం. మీ దారిలో ఇనారి ఉంది కాబట్టి ఇది తెలుసుకుని వెళ్ళాలి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా నాలుగు దేశాల్లో విస్తరించిన జాతి వాళ్ళది. 1751లో అప్పటి స్వీడన్, డెన్మార్క్-నార్వే రాజ్యాలు సరిహద్దు గీసుకున్నప్పుడు, సామి వాళ్ళు రెయిన్‌డీర్ మందలతో ఆ గీత దాటొచ్చని ఒప్పందానికి అనుబంధం రాసుకున్నాయి. ప్రాంతీయ సహకారం 1993లో మొదలైందని క్లాసులో చెప్తే మీరు ఈ సంగతి ఎత్తండి, ప్రొఫెసర్ సంతోషిస్తాడు. అయితే 1852లో నార్వేకీ, అప్పట్లో రష్యా జార్ కింద ఉన్న ఫిన్లాండ్‌కీ మధ్య సరిహద్దు మందలకి మూసేశారు. గీత దాటే హక్కు కాగితం మీద రాసినంత తేలిగ్గానే పోతుందన్నమాట.

ఇనారి ప్రాంతంలో మూడు సామి భాషలు మాట్లాడతారు. అందులో స్కోల్ట్ సామి వాళ్ళ కథ ప్రత్యేకం. వాళ్ళ సొంత ఊళ్ళు నార్వేకి, సోవియట్‌కి మధ్యనున్న పెత్సామో అనే ప్రాంతంలో. 1920 నుంచి ఆ ప్రాంతం ఫిన్లాండ్‌ది. ఆ రోజుల్లో నార్వేకి, సోవియట్‌కి మధ్య అసలు సరిహద్దే లేదు. 1944లో ఫిన్లాండ్ దాన్ని సోవియట్‌కి వదులుకోవాల్సొచ్చింది. స్కోల్ట్ వాళ్ళు తట్టాబుట్టా సర్దుకుని ఇనారి వైపుకి వచ్చి స్థిరపడ్డారు. పోలవరం నిర్వాసితుల ఊళ్ళు తెలిసినవాళ్ళకి, ఊరు పోవడమంటే ఏమిటో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ "లాప్" అన్న మాట మనుషులకి వాడకండి, అది తిట్టు కింద లెక్క. లాప్‌లాండ్ అనే ప్రాంతం పేరు వేరు, దానికి ఇబ్బంది లేదు. రెయిన్‌డీర్ కాపరిని "మీకెన్ని ఉన్నాయి" అని కూడా అడక్కండి. బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే. మా బ్యాచ్‌లో ఒకతను అడిగాడు, అందరం తలలు దించుకున్నాం.

సీవీ సంగతి ఎక్కువ సాగదీయను. మామూలుగా ఇలాంటి కోర్సుకి ఐదు క్రెడిట్లు ఇస్తారు. యూరప్ లెక్కలో ఏడాది చదువంతా కలిపి అరవై. మీ యూనివర్సిటీ ఆ ఐదింటిని లెక్కలోకి తీసుకుంటుందో లేదో వెళ్ళే ముందే రాతపూర్వకంగా అడగండి, వచ్చాక అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో అక్కడికే వెళ్ళాలనుకుంటే మాత్రం ఇది పనికొస్తుంది. కారణం సర్టిఫికెట్ కాదు, రెండు వారాలు మిమ్మల్ని చూసిన ప్రొఫెసర్. ఒక్క హెచ్చరిక: నార్వే ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థులు ఫీజు కట్టాలి. "నార్వేలో చదువు ఫ్రీ" అని చెప్పే పాత వీడియోలు నమ్మకండి.

ఇక ప్రెజెంటేషన్. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తారు. నేను చదివిన అప్లికేషన్లలో చాలావాటికి మొదటి వాక్యం ఒకటే: చిన్నప్పట్నుంచీ ఆర్కిటిక్ అంటే ఇష్టం. కాకినాడలో పుట్టినవాడికి చిన్నప్పట్నుంచీ ఆర్కిటిక్ అంటే ఇష్టమెందుకుంటుందండీ? ఒక ఏడాది ఉప్పాడ నుంచి ఒకబ్బాయి రాశాడు. తమ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఇల్లు ఎలా గడుస్తుంది, నిషేధాన్ని ఎవరు పాటిస్తారు, ఎవరు పాటించరు. చివర్లో ఒక్క ప్రశ్న: ఒక రాష్ట్రంలోనే ఇంత గొడవుంటే, రెండు దేశాలు ఒక చేపని ఎలా పంచుకుంటున్నాయి? రెండు పేజీల ఉత్తరం, ఇంగ్లిష్ తప్పులు కూడా ఉన్నాయి. కమిటీలో అందరూ మొదట ఎంచుకున్నది అతన్నే. మీ ఊరి నుంచి మొదలుపెట్టండి. ఆర్కిటిక్ గురించి వాళ్ళకి తెలుసు, మీ ఊరి గురించి తెలీదు.

ఇంకో ప్రశ్నకి కూడా సిద్ధంగా ఉండండి: "ఇండియాకి ఇక్కడేం పని?" 2013 మేలో స్వీడన్‌లోని కిరునా సమావేశంలోనే మనకి ఆర్కిటిక్ కౌన్సిల్ పరిశీలక హోదా వచ్చింది, చైనా, జపాన్‌లతోపాటు. రెండు నెలలకి నేను అక్కడ దిగాను. కిర్కెనెస్‌లో ఒక పెద్దాయన ఇదే అడిగితే, వాతావరణ మార్పు అంటూ ఏదో నసిగాను. ఆయన మర్యాదగా తలూపాడు, అది ఇంకా అవమానం. తర్వాత కూర్చుని చదువుకున్నాను. ఆర్కిటిక్‌లో నార్వే కింద ఉన్న స్వాల్బార్డ్ దీవుల మీద 1920 ఫిబ్రవరిలో పారిస్‌లో కుదిరిన ఒప్పందంలో బ్రిటన్‌తోపాటు ఇండియా పేరూ ఉంది. అదే దీవుల్లో నీ-ఓలెసున్‌లో 2008 నుంచి మన హిమాద్రి పరిశోధనా కేంద్రం నడుస్తోంది, గోవాలోని ధ్రువ పరిశోధన సంస్థ చూసుకుంటుంది. 2022 మార్చిలో మన ప్రభుత్వం ఆర్కిటిక్ విధానం కూడా విడుదల చేసింది. అక్కడి మంచుకీ మన రుతుపవనాలకీ ఉన్న సంబంధం మీద పరిశోధన మన ముఖ్య ఆసక్తుల్లో ఒకటి. ఆ పత్రం చదివి వెళ్ళండి. పరిశీలకులకి నిర్ణయాల్లో ఓటు లేదని కూడా గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

డబ్బు. నిర్వాహకులకి ఈరోజే మెయిల్ పెట్టండి: టికెట్‌కి పాక్షిక సాయం ఏమైనా ఉందా, లేకపోతే రాలేని పరిస్థితి. మొహమాటం వద్దు. ప్రకటనలో లేదని రాసినా, ఎవరో ఒకరు చివర్లో మానుకుంటారు, ఆ డబ్బు మిగులుతుంది. నేనే రెండుసార్లు అలా సర్దాను. అయితే అడిగినవాళ్ళకే సర్దాను, అడగనివాళ్ళు నాకెలా తెలుస్తారు? మీ యూనివర్సిటీలో కూడా విద్యార్థుల విదేశీ ప్రయాణాలకి నిధి ఉందేమో రిజిస్ట్రార్ ఆఫీసులో వాకబు చేయండి. అక్కడ బయట తింటే ఒక్క పూట రెండు వేల రూపాయల దాకా అవుతుంది. హాస్టల్లో వంటగది ఉందా అని అడగడం మరిచిపోకండి.

వీసా. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) అడగాలి, మీ లెక్కన ఫిన్లాండ్. నార్వే ఈయూలో లేకపోయినా షెంజెన్‌లో ఉంది కాబట్టి అదే వీసాతో దాటొచ్చు. ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేసవిలో స్లాట్లు దొరకవు, అందుకే టెన్షన్ అంతా అక్కడే. ఆహ్వాన లేఖలో వసతి ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయించుకోండి. "మేం చూసుకుంటాం" అని మెయిల్లో ఉంటే చాలదు. అలా లేఖలో లేకపోవడం వల్లే మా విద్యార్థి ఒకతనికి వీసా తిరస్కరించారు, ఆ లేఖ రాసింది నేనే, ఇప్పటికీ బాధే. కోర్సు అయ్యాక స్వాల్బార్డ్ కూడా చూసొద్దామనిపిస్తే ముందే చెప్పండి. ఆ దీవులకి వీసా అక్కర్లేదు గానీ అవి షెంజెన్ బయట. ఒకే ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి నార్వే ప్రధాన భూభాగంలో అడుగుపెట్టలేరు. రెండు ఎంట్రీల వీసా కావాలి.

సామాను విషయంలో రెండు మాటలు. జూన్, జూలైల్లో అక్కడ చాలా రోజులు సూర్యుడు అస్తమించడు. మొదటి రెండు రాత్రులు తమాషాగా ఉంటుంది, మూడో రాత్రి పిచ్చెక్కుతుంది. కళ్ళకి కట్టుకోవడానికి నల్ల చున్నీ ఒకటి పెట్టుకోండి. దోమలు మన గోదావరి దోమల్ని మించినవి. ఆవకాయ, పులిహోర పొడి తీసుకెళ్ళండి, కానీ నెయ్యి సీసా, పాలకోవా, మటన్ పచ్చడి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల, మాంసం పదార్థాలు తేవడం నిషేధం. మా బ్యాచ్ అమ్మాయి ఒకావిడ వాళ్ళమ్మ కాచిన నెయ్యి హెల్సింకీ ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో వేసి, రోవనియెమి చేరేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.